తుపాకి పేలకముందు

ఇట్ల కుంపటి దగ్గరికి జరుగు బిడ్డా. "కౌబాయ్ సినిమాల ఏమున్నదే తాతా, గుర్రాలు, దుమ్ము" అన్నవు గదా పొద్దున. మజా అంత ఆ దుమ్ములనే ఉన్నది.

కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' 1971 ఆగస్టు 27న వచ్చింది. ఆరుద్ర రాసిండు, కె.ఎస్.ఆర్. దాస్ తీసిండు. ఇటలీ ఆయన సెర్జియో లియోనీ కౌబాయ్ సినిమాలు చూసి మనోళ్లు రాజస్థాన్ ఎడారికి పోయిండ్రు. తాడిని తన్నేటోడుంటె వాని తల తన్నేటోడు ఉంటడంటరు సూడు, కథంత గదే. నిధి ఒక్కటి, దాని ఎనుక పడ్డ దొంగలు ఎందరో. నాగభూషణం నక్కజిత్తుల నాగన్న. నవ్విస్తనే ఉంటడు, ఎప్పుడు ఎవలను ముంచుతడో తెల్వదు.

అప్పుడు రామచంద్రాపురంల బీహెచ్‌ఈఎల్ కొత్త కొత్తగ నడుస్తుండె. పటాన్‌చెరు దిక్కు చేన్లే. ఇక్రిశాట్ గూడ 1972లనే వచ్చింది. షిఫ్టు దిగినోళ్లు టిఫిను డబ్బా సైకిలుకు తగిలించుకోని సీదా టాకీసుకే వచ్చేటోళ్లు. నేల టికెట్టు పైసలల్లనే ఉండె, కని అమ్మ కొంగుముడి విప్పేదాక బతిమాలాలె. పెద్దమనిషి వస్తె పోరగాళ్లు లేచి జాగ ఇచ్చేటోళ్లు. ఇంటర్వెల్ మిర్చిల ముచ్చట ఎత్తితే తెల్లారుతది, మళ్ల సినిమాకే వద్దాం.

మిషను ఒక్కటే ఉన్న టాకీసుల రీలు మార్చెతందుకు లైట్లు ఏసేటోళ్లు. సరిగ్గ తుపాకి మీదికి చెయ్యి పోయే యాళ్లకే రీలు అయిపోయేది! ఒక్కడు లేవకపోయేది. ముట్టించిన బీడి ఏళ్లకు కాలేదాక సోయి ఉండకపోయేది. హీరో చావడని అందరికి ఎరుకే, అయినా గుండె దడదడ కొట్టుకునేది.

ఎందుకంటవా? లియోనీ 1966ల తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' ఆఖర్ల ముగ్గురు బొందలగడ్డల నిలబడ్తరు. ఇద్దరైతే లెక్క అల్కగ ఉంటది. ముగ్గురైతే ఎవడు ఎవని మీద కాలుస్తడో వాళ్లకే తెల్వదు. కండ్లు, ఏళ్లు, మోరికోనె సంగీతం, గంతే. గుండు పేలుడు ఒక్క క్షణం, దాని కోసం ఎదురుచూసుడే అసలు సినిమా. వండేదాక ఓపిక పట్టి ఉమ్మగిల్లేదాక పట్టనోని లెక్క నువ్వు ఫోన్ల పది సెకండ్లు ముందుకు దుంకుతవు, మరి రుచి ఎట్ల తెలుస్తది?

కృష్ణ పోయినంక, 2023 మే 31న ఆయన పుట్టినరోజుకు ఆ సినిమాను 4కెల మళ్ల విడుదల చేసిండ్రు. అప్పుడు రమ్మంటె పరీక్షలంటివి. ఈ ఐతారం టీవీల పెడ్త, రిమోటు మాత్రం నా చేతులనే ఉంటది.