బొంత అంచు: చేతికుట్టు, మిషన్ కుట్టు

సావనీరుకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, నవాబుల గురించో కోటల గురించో వ్రాస్తాననుకుని ఉంటారు. వాటి మీద వ్రాసేవారు చాలామంది ఉన్నారు. నేను మన ఇండ్లల్లో ట్రంకుపెట్టె మీద మడిచిపెట్టి ఉండే బొంత గురించి, అందులోనూ దాని అంచు గురించి వ్రాయదలిచాను. ఇంత చిన్న సంగతికి చరిత్ర ఏమిటని నవ్వేవారు నవ్వవచ్చు. కాస్త ఓపిక పట్టి చదవండి.

నంద్యాల సీమ పత్తి సీమ. ఇక్కడి నల్లరేగడిలో పండే నాటు పత్తిని వెనుకటి వ్యాపారులు "నార్తరన్స్" అనే పేరుతో అమ్మేవారు. 1906లోనే నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం వెలిసింది. పత్తి ఉన్నచోట దూది ఏకేవాళ్లు ఉండక తప్పదు. థర్‌స్టన్ దొర 1909లో అచ్చువేసిన గ్రంథంలో దూదేకులవారి ప్రస్తావన ఉంది. 1970లో రాష్ట్ర ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినప్పుడు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అనే పేర్లు ఒకే వరుసలో చేరాయి. బుర్రకథ నాజర్ గారి జీవితకథకు పెట్టిన పేరు కూడా "పింజారి" అనే. దూదేకుల, పింజారి, లద్దాఫ్ అనే మూడు పేర్లూ విల్లు పట్టి దూది ఏకే పని నుంచి వచ్చినవే. విల్లు పట్టింది మగవాళ్లు. ఆ దూదిని గుడ్డలో పరచి, కుట్టి, చుట్టూ అంచు వేసిన ఆడవాళ్ల పనికి మాత్రం ఏ పేరూ పడలేదు. నేను ఈ విషయం ఎత్తుకోవడానికి అదొక కారణం.

తెలియని పిల్లల కోసం రెండు మాటలు. పాత చీరలు, పంచెలు నాలుగైదు పొరలు పరచి సూదితో వరుసలు వేస్తే బొంత. రెండు గుడ్డల నడుమ ఏకిన దూది నింపితే రజాయి. రెండింటికీ చుట్టూ ఒక పట్టీ కావాలి. కొందరు దీన్ని గోటు అంటారు, మా ఇంట్లో అంచు అనేవాళ్లం. కప్పుకునేటప్పుడు గడ్డానికి రాసుకునేది అంచే, లాగేటప్పుడు చేతికి దొరికేది అంచే, బండ మీద ఉతికేటప్పుడు ముందు దెబ్బ తినేదీ అంచే. నడుమ గుడ్డ పదేళ్లు నిలిచినా అంచు నాలుగేళ్లకే పీలికలవుతుంది.

మాది ఆళ్లగడ్డ. మా జేజి రజాయి అంచును చేతితో పొడుగు పొడుగు కుట్లు వేసి కుట్టేది. చిన్నప్పుడు నాకు అది పనితనం తక్కువై వేసినట్లు కనిపించేది. బజారులో దర్జీ మిషన్ మీద వేసే కుట్టు చీమల బారులా సన్నగా, వంకర లేకుండా ఉంటుంది కదా! ఒకసారి ఆ మాట అడిగేశాను. "విప్పేదానికే కుట్టేది నాయనా, గట్టిగా కుడితే ఏట్ల విప్పేది?" అంది. అప్పుడు అర్థం కాలేదు.

రజాయిలో దూది రెండు మూడు చలికాలాలకు గడ్డకట్టుకుపోతుంది. దాన్ని బయటికి తీసి మళ్లీ ఏకి నింపాలి. కొత్త దూది కొనే స్తోమత ఎంతమందికి ఉంటుంది? కాబట్టి అంచు ఊడదీయడమనేది మరమ్మతు కాదు, వాడుకలో ఒక భాగం. చేతికుట్టుది ఒకే దారం. ఒక కొస కత్తిరించి లాగితే మూర పొడుగు సరసరా ఊడి వస్తుంది, ఆ దారం మళ్లీ పనికొస్తుంది. మిషన్ కుట్టు అలా కాదు. పైన సూది దారం, కింద బాబిన్ దారం, రెండూ గుడ్డ నడుమ ఒకదానికొకటి మెలిపడతాయి. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన కుట్టు ఇదే. 1851లో సింగర్ పేటెంటు తీసుకున్నాక ఊరూరా పాకింది. దాని గొప్పతనమంతా ఊడకపోవడంలోనే ఉంది. విప్పాలంటే ఒక్కొక్క కుట్టూ బ్లేడుతో కోయాలి.

1924లో ఒక విద్యార్థి యంత్రాల గురించి అడిగితే గాంధీగారు సింగర్ మిషన్‌ను మాత్రం మినహాయించారు. భార్య చేతికుట్టుతో పడే కష్టం చూడలేక ప్రేమతో చేసిన యంత్రమని ఆయన మాట. సింగర్ నిజంగా ఎందుకు చేశాడన్నది వేరే సంగతి గానీ, కష్టం తగ్గిన మాట వాస్తవం. 1930ల నడుమ కలకత్తాలో ఉషా మిషన్లు తయారు కావడం మొదలైన తర్వాత చిన్న ఊళ్లకు కూడా అవి అందాయి. మా వీధిలో మిషన్ వచ్చాక రజాయి అంచులు దర్జీ చేతికి వెళ్లాయి. ఆడవాళ్లు వేసినంతకాలం అంచుకు విడిగా కూలి ఎవరూ ఇవ్వలేదు. దర్జీ వేస్తే మాత్రం మారు మాట్లాడకుండా ఇచ్చేవారు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. 1978లో ఉద్యోగం వచ్చిన కొత్తలో, జేజి కళ్లు సరిగా కనబడక అవస్థ పడుతోందని, ఆమె పాత చీరల బొంతను నంద్యాల తీసుకుపోయి ఒక దర్జీతో అంచు వేయించాను. గట్టిగా ఉండాలని రెండు వరుసలు వేయమన్నది నేనే. చూడముచ్చటగా కుదిరింది. జేజి తడిమి చూసి ఊరకుండిపోయింది. ఆమె పోయిన తర్వాత అంచు చిరిగితే మార్చుదామని కుట్లు కోశాము. సూది పోట్ల వెంబడి పాత గుడ్డ పోస్టు స్టాంపుల షీటు చించినట్టు ఊడి వచ్చింది. మా అమ్మ పెండ్లిచీర పొర ఒకటి అందులో ఉండేది. ఆ పక్క బెత్తెడు మేర పోయింది.

ఇందులో దర్జీ దోషం లేదు. మిషన్ పళ్లు కింది గుడ్డను ముందుకు లాగుతాయి, పాదం కింద నలిగే పై గుడ్డ వెనుకబడుతుంది. మందంగా ఉన్నదానికి ముందుగా టాకాలు వేయకపోతే ముడతలు తప్పవు. అందుకే అమెరికాలో బొంతలు కుట్టే ఆడవాళ్లలో చాలామంది పట్టీని ముందువైపు మిషన్‌తో పట్టించి, వెనక్కి మడిచి చేత్తో హెమ్మింగ్ చేస్తారు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలది ఇంకో దారి. అసలు విడిగా పట్టీయే ఉండదు, అంచు మడిచి అక్కడి నుంచే కుట్టు మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుముకు చేరుకుంటారు. నాలుగు మూలలా చిన్న గుడ్డ పువ్వులు పెట్టనిదే కవంది పూర్తయినట్టు కాదు.

1985లో రాష్ట్ర మైనారిటీల ఆర్థిక సంస్థ ఏర్పడింది. సంఘాల వాళ్లూ ఆడపిల్లలకు కుట్టు మిషన్లు ఇప్పిస్తూనే ఉన్నారు. మంచి పని. జాకెట్లు, పిల్లల గౌన్లు నేర్పుతున్నారు. రజాయి అంచు కూడా నేర్పించమని నా మనవి: మూడు పక్కలు మిషన్, కాళ్లవైపు పక్క మాత్రం చేతికుట్టు. దూది తీయాలంటే ఆ పక్క విప్పితే చాలు. పాత చీరల బొంతకైతే నాలుగు పక్కలా చేయే మేలు. ఆ చేతిపనికి గంటలు లెక్కగట్టి కూలి వేయడం కూడా నేర్పాలి, ఎందుకంటే అడగడం మన ఆడవాళ్లకు రాదు. నురుగు పరుపులు, మిల్లు దుప్పట్లు వచ్చాక రజాయి ఎవరికి కావాలి అంటారేమో. డిసెంబరులో నల్లమల గాలి తగిలిన ఇండ్లవాళ్లను అడగండి.

2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయిన వారమే ఆళ్లగడ్డ వెళ్లి, ఆ చిరిగిన బొంతను మా చిన్నమ్మ ముందు పెట్టాను. ఆమెకు ఎనభై దాటాయి. చిరిగిన మేర కత్తిరించేసి, పాత లుంగీ గుడ్డతో కొత్త అంచు వేసింది. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. చివర్న ముడి వేయకుండా దారం రెండు బెత్తలు వదిలి, లోపలికి దోపింది.