బట్టలుతికే యంత్రాల తిప్పుడు వేగం: రోలర్ల కాలం నుంచి 1400 చుట్ల దాకా

బట్టలు ఉతకడం ఒక ఎత్తయితే, పిండడం మరొక ఎత్తు. తడిసిన బొంత దుప్పటిని ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకుని మెలిపెట్టి పిండిన ఇళ్లకు ఆ శ్రమ ఎంతటిదో విడమరచి చెప్పనక్కరలేదు. యంత్రంలో ఆ పని చేసేది తిప్పుడు. తొట్టె ఎంత వేగంగా తిరిగితే బట్టల్లోని నీరు అంతగా బయటికి పోతుంది. ఈ వేగాన్ని నిమిషానికి ఇన్ని చుట్లు అని లెక్కిస్తారు. దుకాణాల్లో ‘ఆర్పీఎం’ అంటున్నది దీనినే. 700, 1000, 1400 అని యంత్రాలపై అంటించిన అంకెలను చూసి, పెద్ద అంకె ఉన్నదే మేలైనదని అనేక కుటుంబాలు భావిస్తుంటాయి. ఆ భావన కొంతవరకే నిజం. ఎంతవరకన్నది ఈ అంకెల చరిత్రను గమనిస్తే బోధపడుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికాలో విద్యుత్ యంత్రాలు వచ్చినప్పుడు వాటిలో తిప్పుడు అనేదే సాధారణంగా లేదు. తొట్టెపైన రెండు రోలర్లు ఉండేవి. ఉతికిన బట్టను వాటి నడుమ దూర్చితే, చెరకు గానుగలో గడ నలిగినట్లు నలిగి నీరు కారేది. బొత్తాలు పగిలిపోయేవి. అంతకంటె విషాదమేమంటే, బట్టతోపాటు వేళ్లు, చేతులు, జుట్టు కూడ రోలర్లలో చిక్కుకుని గాయపడిన స్త్రీలు, పిల్లలు ఎందరో ఉన్నారు. అయినా ఆ పద్ధతి వెంటనే పోలేదు. అమెరికాలోని మేటాగ్ సంస్థ రోలర్ల యంత్రాల తయారీని 1983లో గాని ఆపలేదు.

తిప్పుడును ఇంటి యంత్రంలో భాగం చేసినవాటిలో ప్రసిద్ధమైనది 1937లో వెలువడిన బెండిక్స్ యంత్రం. ముందువైపు తలుపుతో, ఉతకడం, జాడించడం, నీరు పిండడం అన్నీ తనంతట తానే చేసుకునేది. అయితే దానిని నేలకు బోల్టులతో బిగించవలసి వచ్చేది. కుదుపును తట్టుకునే స్ప్రింగులు అందులో లేకపోవడమే కారణం. ఆ తరువాతి దశాబ్దాల్లో వేగం ఎప్పుడు పెరిగినా, ముందుగా పరిష్కరించవలసి వచ్చినది ఈ కుదుపు సమస్యనే.

కారణం లెక్కలో ఉంది. తిరిగే తొట్టెలో బట్టలను గోడకు అదిమే బలాన్ని పాఠ్యపుస్తకాల్లో అపకేంద్ర బలం అంటారు. వేగం రెట్టింపయితే ఆ బలం నాలుగింతలవుతుంది. 48 సెంటీమీటర్ల వ్యాసం గల తొట్టె నిమిషానికి 400 చుట్లు తిరిగితే, బట్టపై పడే బలం దాని బరువుకు సుమారు 43 రెట్లు. 800 చుట్లకు అది 170 రెట్లు దాటుతుంది. 1400 చుట్లకు 525 రెట్ల దాకా పోతుంది. ఆ వేగంలో తొట్టె అంచు గంటకు దాదాపు 126 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ ఉంటుంది. తడిసిన జంపఖానా ఒక పక్కకే చేరి అరకిలో బరువు అధికంగా పడిందనుకుంటే, యంత్రాన్ని ఒక వైపుకు లాగే బలం 260 కిలోల బరువుకు సమానం. అందుకే యంత్రాల లోపల కాంక్రీటు దిమ్మలు, స్ప్రింగులు, కుదుపును మింగే దండాలు అమర్చారు. బరువు సమంగా సర్దుకోకపోతే నేటి యంత్రం తిప్పుడు మొదలుపెట్టి ఆపడం, మళ్లీ బట్టలను అటూ ఇటూ దొర్లించడం ఇందుకోసమే. అది చెడిపోయిందని మెకానిక్కుకు కబురు పంపవలసిన పని లేదు. ఒంటరి దుప్పటికి తోడుగా రెండు తువ్వాళ్లు వేస్తే చాలాసార్లు కుదురుకుంటుంది.

ఐరోపాలో 1960, 70లలో ముందు తలుపు యంత్రాలు 400, 500 చుట్ల దగ్గర ఉండగా, 1980ల నాటికి 800, 1000 చుట్లు సాధారణమయ్యాయి. 1990లలో 1400, 1600 చుట్లు వచ్చాయి. 2000ల్లో కొన్ని ఖరీదైన యంత్రాలు 1800 చుట్లనూ అందుకున్నాయి. ఈ పరుగుకు ఊతమిచ్చినది మోటారు మార్పు. మొదట ఉతకడానికొక వేగం, పిండడానికొక వేగం మాత్రమే తెలిసిన మోటార్లుండేవి. తరువాత కార్బన్ బ్రష్షుల మోటార్లు, వాటి వేగాన్ని క్రమంగా పెంచే ఎలక్ట్రానిక్ పలకలు వచ్చాయి. 1991లో న్యూజీలాండ్‌కు చెందిన ఫిషర్ అండ్ పేకెల్ సంస్థ బెల్టు లేకుండా మోటారునే తొట్టెకు నేరుగా బిగించిన యంత్రాన్ని వెలువరించింది. నేడు మన దుకాణాల్లో ‘ఇన్వర్టర్’, ‘డైరెక్ట్ డ్రైవ్’ అని వినిపించే మాటలకు మూలం ఆ దారిలోనే ఉంది.

అమెరికాలో మాత్రం పైమూత యంత్రాలు దశాబ్దాల తరబడి 600 చుట్ల చుట్టుపక్కలనే నిలిచిపోయాయి. అక్కడ బట్టలను వేడిగాలి యంత్రంలో ఆరబెట్టేవారు. కరెంటు ఎంత ఖర్చయినా పట్టించుకోలేదు. ఒక లీటరు నీటిని వేడితో ఆవిరి చేయడానికి 0.63 యూనిట్ల కరెంటు తప్పనిసరి. అదే నీటిని తిప్పి విదల్చడానికి అయ్యే ఖర్చు అందులో స్వల్ప భాగమే. 2004, 2007లలో అమలుకు వచ్చిన ప్రభుత్వ ప్రమాణాలు బట్టల్లో మిగిలే తడిని కూడ లెక్కలోకి తీసుకోవడంతో అక్కడా వేగం పెరిగింది.

మన దేశంలో యంత్రాల ప్రచారం 1980ల చివర వీడియోకాన్ వంటి సంస్థలతో ఊపందుకుంది. 1990లలో ముందు తలుపు యంత్రాలతో ఐఎఫ్‌బీ, ఆపై కొరియా సంస్థలు రంగంలోకి వచ్చాయి. సరిహద్దు జిల్లాల ఇళ్లకు యంత్రాలు ఎక్కడినుంచో రావలసిన రోజులు కూడ మారుతున్నాయి. పుదుచ్చేరి ప్రాంతంలో వర్ల్‌పూల్ సంస్థకు యంత్రాల కర్మాగారం ఉంది. తమిళనాడు హద్దున ఉన్న శ్రీసిటీలో ఎల్‌జీ కర్మాగారానికి 2025 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అక్కడ తయారు కావలసిన వస్తువుల్లో బట్టలుతికే యంత్రాలూ ఉన్నాయి.

ఇక దుకాణంలో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్‌పై 1300, 1400 అని ఉంటుంది. దానికంటె ఎంతో ఖరీదైన పైమూత యంత్రంపై 700 అని ఉంటుంది. ముందు తలుపు యంత్రంపై 1000 నుంచి 1400 వరకు ఉంటుంది. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. రెండు తొట్ల యంత్రంలో మన ఇళ్లవారు ‘డ్రయ్యర్’ అని పిలిచే తొట్టె చిన్నది. దాని వ్యాసం 24 సెంటీమీటర్లనుకుంటే, 1400 చుట్లలో కలిగే బలం బరువుకు 263 రెట్లు. 48 సెంటీమీటర్ల ముందు తలుపు తొట్టెకు అంతటి బలం 1000 చుట్లకే వస్తుంది. 700 చుట్ల పైమూత యంత్రంలో బలం 137 రెట్లే. కనుక బట్టలు తొందరగా ఆరడమే ముఖ్యమయితే, చవకైన రెండు తొట్ల యంత్రం ఖరీదైన పైమూత యంత్రాన్ని మించిపోతుంది. ఈ మాట అమ్మకందారు నోట సాధారణంగా వినరాదు. అన్నట్టు, ‘డ్రయ్యర్’ అన్న పేరు ఉన్నా అందులో వేడి ఏమీ లేదు. బట్టను దండెం మీద వేయక తప్పదు.

వేగం పెరిగేకొద్దీ లాభం తగ్గుతూ వస్తుందన్నది మరొక సంగతి. 5 కిలోల పొడి నూలు బట్టల్లో 800 చుట్ల తరువాత సుమారు మూడున్నర లీటర్ల నీరు, 1000 చుట్ల తరువాత మూడు లీటర్లకు పైగా, 1400 చుట్ల తరువాత రెండున్నర లీటర్ల నీరు మిగులుతుంది. దారపు పోగుల లోపలికి ఇంకిన నీటిని ఎంత తిప్పినా పూర్తిగా తీయడం సాధ్యం కాదు. పాలిస్టర్ బట్టలకు ఈ చింతే లేదు. ఐరోపాలో యంత్రాల పట్టీపై మిగిలే తడిని బట్టి ఏ నుంచి జీ వరకు తరగతులు ఇస్తారు. 45 శాతం కంటె తక్కువ తడి మిగిలితేనే మొదటి తరగతి.

అందువల్ల ఎంత వేగం కావాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. బళ్లారి ఎండలో 700 చుట్ల బట్టయినా మధ్యాహ్నానికి పెళపెళలాడుతుంది. గోదావరి ఒడ్డున యానాంలోనో, ఒడిశా కొండల్లో కోరాపుట్ వైపునో ముసురు పట్టినప్పుడు ఆ ఒక్క లీటరు తేడాయే బట్టకు ముక్కవాసన రావడానికీ రాకపోవడానికీ నడుమ అడ్డు. పట్టుచీరలకు, జరీ అంచులకు, పాత నేత చీరలకు అధిక వేగం అనవసరం. నూలు చొక్కాలపై పడిన ముడతలను ఇస్త్రీ చేసేవారే ఎరుగుదురు. వానకోటు, రబ్బరు పరుపు తొడుగు వంటి నీరు వడకట్టని వస్తువులను తిప్పుడులో వేయనే కూడదు. వాటిలో నిలిచిన నీరు ఒక్కసారిగా పక్కకు ఒరిగితే తొట్టె అదుపు తప్పుతుంది. తిప్పుడు వేళ పైమూత ఊడివచ్చే ప్రమాదముందని 2016 నవంబరులో అమెరికాలో శాంసంగ్ సుమారు 28 లక్షల పైమూత యంత్రాలపై రీకాల్ ప్రకటించిన ఉదంతం ఈ బలం ఎంతటిదో తెలుపుతుంది.

రెండు తొట్ల యంత్రం ఉన్న ఇళ్లలో గమనించవలసినది బ్రేకు. మూత ఎత్తగానే డ్రయ్యర్ తొట్టె కొద్ది క్షణాల్లో ఆగాలి. బ్రేకు తీగ వదులైతే మూత తీసినా తొట్టె తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో చేయి పెడితే చీర కొస, దుపట్టా వేళ్లకు చుట్టుకుని లోనికి లాగేస్తుంది. కరెంటు వోల్టేజి పడిపోయిన సాయంత్రాల్లో తొట్టె తిరగక, మోటారు గుంయ్‌మని మూలుగుతుంటే చేత్తో తిప్పి కదిలించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. వోల్టేజి కోలుకున్న క్షణాన తొట్టె ఒక్కసారిగా అందుకుంటుంది. అటువంటప్పుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, కరెంటు నిలకడైన తరువాతనే మళ్లీ వేయాలి. బ్రేకు పట్టని యంత్రాన్ని బాగు చేయించే వరకు డ్రయ్యర్ వాడరాదు.