దరువు మీద మన మాట

1984లో న్యూయార్క్‌కు చెందిన ముగ్గురు నల్లజాతి యువకులు ‘రన్ డీఎంసీ’ పేరుతో తమ మొదటి ఆల్బమ్ తెచ్చారు. డ్రమ్ మిషన్ దరువు మీద, తమ వీధి భాషలోనే, పని దొరకని తిప్పలు, పెరిగే ఖర్చులు చెప్పారు. ఆ ఏడాదే దానికి అమెరికాలో 5 లక్షల ప్రతులకిచ్చే గోల్డ్ గుర్తింపు వచ్చింది. ర్యాప్ ఆల్బమ్‌కు అది రావడం అదే మొదలు.

లయకు మాట కట్టడం మనకు కొత్త కాదు. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ గోండు గోత్రాల కథలను తరతరాలుగా కాపాడారు. అదే మన చరిత్ర పుస్తకం.

బెల్లంపల్లిలో మన పిల్లలూ ర్యాప్ పాడుతున్నారు, కానీ సినిమా తెలుగులో. ఇంటి భాషలో పాడమంటే సిగ్గుపడుతున్నారు. మూతపడిన బాయిల గురించి, అడవి గురించి గోండిలో, కొలామిలో కైగట్టమందాం. ఆ పాటలను బడిలోనే పాడిద్దాం. భాష పోతే కథా పోతుంది.