మూత తెరిచిన పిట్టలు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు కోరారు. డి.ఆర్. బకాయిల గురించి, పెన్షను సవరణ గురించి, వైద్య సదుపాయాల గురించి వ్రాయడానికి నాకంటే సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. విద్యుత్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి విరమించిన నాకు తీరిక దొరికాక పక్షుల గురించి చదవడం అలవాటయింది. ఆ చదువులో ఎదురైన ఒక చిన్న చరిత్రను మీ ముందుంచుతాను. ఇది రాజుల చరిత్ర కాదు, పాల సీసా మూత చరిత్ర. మనిషి కట్టుకున్న పట్టణంలో పిట్టలు ఏ తెలివితో నెగ్గుకొచ్చాయో, ఆ తెలివి ఎక్కడ ఆగిపోయిందో అందులో మనకు కనిపిస్తుంది.

మన ఇళ్ళకు పాలమనిషి వచ్చి గిన్నెలో కొలిచి పోసే రోజుల్లో, ఇంగ్లండులో పాలు సీసాల్లో వచ్చేవి. తెల్లవారకముందే పాలవాడు బండి మీద వచ్చి గుమ్మం ముందు సీసాలు పెట్టి వెళ్ళిపోయేవాడు. ఇంటివాళ్ళు లేచి తలుపు తీసేదాకా అవి అక్కడే ఉండేవి. మీగడంతా పైకి తేలి సీసా మెడ దగ్గర పేరుకునేది. దాని మీద మైనం పూసిన అట్టమూత, తరువాతి కాలంలో పలుచని అల్యూమినియం రేకు మూత ఉండేది.

1921లో సౌతాంప్టన్ దగ్గర స్వేత్లింగ్ అనే చోట కొన్ని చిన్న పిట్టలు ఆ అట్టమూతను పెకలించి మీగడ తినడం ఎవరో గమనించారు. మనకు దొరికే మొదటి దాఖలా అదే. అవి టిట్ జాతి పిట్టలు. మన పిచ్చుకంత ఉంటాయి, కొన్ని ఇంకా చిన్నవి. అడవిలో చెట్టు బెరడు చీల్చి దాని కింది పురుగులను ఏరుకు తినడం వాటి వృత్తి. పాల సీసా వాటి తాతముత్తాతలు ఎరుగని వస్తువు.

తరువాతి ఇరవై అయిదేళ్ళలో ఈ అలవాటు ఇంగ్లండులో చాలా చోట్లకు, వేల్స్, స్కాట్లాండ్, ఐర్లండ్ ప్రాంతాల్లో కొన్ని చోట్లకు పాకింది. జేమ్స్ ఫిషర్, రాబర్ట్ హిండ్ అనే ఇద్దరు దీని సంగతేమిటో తేల్చాలనుకున్నారు. ప్రశ్నావళి పంపి, ఏ ఊళ్ళో ఏ సంవత్సరం మొదట చూశారు, ఏ పిట్ట చేసింది, మూతను ఎలా తీసింది అని వివరాలు రాబట్టి, 1949లో ఒక వ్యాసం ప్రకటించారు. మన ఆఫీసుల్లో నెలవారీ స్టేట్‌మెంట్లు తెప్పించుకున్నట్టే ఊరూరి నుంచి సమాచారం తెప్పించుకుని చేసిన పని అది. పక్షుల ప్రవర్తన మీద జరిగిన పరిశోధనల్లో దానిని ఈనాటికీ తలుచుకుంటారు.

అందులో ఉన్న సంగతులు చూడండి. రేకు మూత అయితే పిట్ట ముక్కుతో పొడిచి చిల్లు చేసి, ఆ రేకును చీలికలుగా లాగేసేది. అట్టమూత అయితే పొరలు పొరలుగా చింపేది, లేదా మొత్తం మూతనే ఊడబెరికేది. సీసా గుమ్మంలో పెట్టిన కొద్ది నిమిషాలకే వచ్చి వాలేవి. కొన్ని చోట్ల పాలబండి వెంటే వీధి పొడుగునా వెళ్ళి, పాలవాడు ఒక ఇంటి గుమ్మం దగ్గర ఉండగానే బండిలోని సీసాలు తెరిచేవి. మెర్‌స్ట్‌హామ్ అనే ఊళ్ళో ఒక బడికి వచ్చిన 300 సీసాల్లో 57 సీసాలను ఒక్క ఉదయంలో, పిల్లలు రాకముందే తెరిచేశాయట. ఆశపడి లోపలికి వంగి, తల్లకిందులుగా సీసాలో పడి చనిపోయినవీ ఉన్నాయి.

వారు చెప్పిన మరొక సంగతి నాకు ముఖ్యంగా తోచింది. టిట్ పిట్ట సాధారణంగా తన ఊరు విడిచి 15 మైళ్ళకు మించి పోదు. అటువంటప్పుడు అంతకు మించిన దూరంలో ఈ అలవాటు కొత్తగా పుట్టిందంటే, అక్కడ మరొక పిట్ట తన సొంత బుద్ధితో కనిపెట్టి ఉండాలి. అంటే ఒక్క మేధావి పిట్ట దేశానికంతటికీ నేర్పలేదు. అక్కడొకటి, ఇక్కడొకటి కనిపెట్టాయి. చుట్టుపక్కల పిట్టలు వాటి వల్ల నేర్చుకున్నాయి.

ఎలా నేర్చుకున్నాయనే దాని మీద తరువాత చాలా చర్చ జరిగింది. 1984లో కెనడాలో షెర్రీ, గేలెఫ్ అనే శాస్త్రజ్ఞులు టిట్‌కు దగ్గరి చుట్టమైన చికడీ పిట్ట మీద ప్రయోగం చేశారు. ఇంకొక పిట్ట మూత తెరవడం కళ్ళారా చూడకపోయినా, అప్పటికే తెరిచి ఉన్న పాత్ర దొరికి అందులో తిన్న పిట్టలు కొన్ని, తరువాత మూసి ఉన్న పాత్రను కూడా తెరవగలిగాయి. ఒకరు చేసి వదిలిన పని చూసి కూడా మరొకరు నేర్చుకోవచ్చునన్నమాట.

2015లో లూసీ ఆప్లిన్, ఆమె సహచరులు ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో చేసిన ప్రయోగం వివరాలు ప్రకటించారు. లోపల పురుగులు పెట్టిన ఒక పెట్టె, దానికి కుడికైనా ఎడమకైనా జరిగే చిన్న తలుపు. ఒక్కొక్క పిట్టల గుంపు నుంచి రెండేసి పిట్టలను పట్టి, కొన్ని గుంపులవాటికి ఒక పక్కకు, మిగిలినవాటికి రెండో పక్కకు తలుపు జరపడం నేర్పి వదిలిపెట్టారు. 20 రోజులు గడిచేసరికి ఆ గుంపుల్లో సగటున నూటికి 75 పిట్టలు తలుపు తీయడం నేర్చుకున్నాయి. ఎటు జరిపినా తిండి దొరుకుతున్నా, తమ గుంపులో ఎక్కువమంది జరిపే వైపుకే అవీ జరిపాయి. మరుసటి ఏడాదికి పాత పిట్టలు చాలా తగ్గిపోయినా ఆ పద్ధతి మాత్రం నిలిచింది. దీనిని ఆచారం అనక మరేమనాలి?

ఇది చదివినప్పుడు మనవాళ్ళే గుర్తుకొచ్చారు. 2014లో డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చిన కొత్తలో ఇది మనవల్ల అయ్యే పనేనా అని భయపడ్డవాళ్ళం మనం. ఒకరిద్దరు నేర్చుకున్నారు. వారిని చూసి పక్కింటివారు, పార్కులో కలిసేవారు నేర్చుకున్నారు. ఎనభై దాటిన వారు కూడా ఇప్పుడు సెల్‌ఫోనులో ముఖం చూపించి పని ముగించుకుంటున్నారు.

ఈ నేర్పు ఇంగ్లండు పిట్టలకే పరిమితం కాదు. న్యూజిలాండ్‌లోని హామిల్టన్ బస్ స్టేషన్‌లో దానంతటదే తెరుచుకునే తలుపు ఒకటి ఉండేది. మనిషి దగ్గరికి వస్తే పైనున్న పరికరం పసిగట్టి తలుపు తెరుస్తుంది. అక్కడి ఊరపిచ్చుకలు ఆ పరికరం ముందు రెక్కలాడిస్తూ గాలిలో నిలిచో, దాని మీద వాలి తల కిందికి వంచో తలుపు తెరిపించుకుని లోపలి హోటల్లోకి పోయేవి. 1991లో దీనిని పత్రికకెక్కించారు. జపాన్‌లోని సెండాయ్ నగరంలో కాకులు గట్టి అక్రోటు కాయలను రోడ్డు మీద పెట్టి, కార్ల చక్రాల కింద పగలగొట్టించుకుంటాయి. అయితే కాలిఫోర్నియాలో కాకులు కూడా ఇలాగే చేస్తాయన్న మాటను 1997లో పరీక్షించి చూస్తే, కారు వస్తున్నా రాకున్నా అవి కాయలను ఒకే తీరుగా పడవేస్తున్నాయని తేలింది. చూసిన ప్రతిదానికీ తెలివి అని పేరు పెట్టకూడదని ఇందువల్ల తెలుస్తుంది.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ సంగతి ఇంకా తాజాది. అక్కడ కాకటూ అనే పెద్ద తెల్ల చిలుకలు ఇళ్ళ ముందరి చెత్తడబ్బాల బరువైన మూతలను ముక్కుతో ఎత్తి, అంచు వెంట నడిచి వెనక్కు పడదోస్తాయి. 2018కి ముందు ఈ పని మూడు పేటల్లోనే కనిపించేది. 2019 చివరికి 44 పేటలకు వ్యాపించింది. జనం మూతల మీద ఇటుకలు, రాళ్ళు పెడితే కొన్ని చిలుకలు వాటినీ తోసివేశాయి. జనం మరింత గట్టి ఉపాయాలు వెతుక్కున్నారు. ఒక పేటవారు కనిపెట్టిన ఉపాయాన్ని పక్కవారు చూసి నేర్చుకున్నారు. చూసి నేర్చుకోవడంలో రెండు పక్షాలదీ ఒకటే దారి!

దీని వెనుక శాస్త్రం కూడా ఉన్నది. కెనడాలో లూయీ లెఫెబ్ర్ అనే శాస్త్రజ్ఞుడు పక్షులు కొత్త తిండిని, కొత్త పద్ధతులను కనిపెట్టిన సంఘటనలను పాత పత్రికల నుంచి ఏరి లెక్కగట్టాడు. ఒంటి పరిమాణంతో పోలిస్తే మెదడు పెద్దదిగా ఉన్న జాతులే ఇటువంటి పనులు ఎక్కువగా చేస్తున్నాయని తేలింది. మధ్య యూరప్‌లోని 12 నగరాలను పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, నగరం నడిబొడ్డున గూడు కట్టగలిగిన పాటపిట్టలు పెద్ద మెదడున్న కుటుంబాలకు చెందినవని చూపారు. అయితే మెదడు ఒక్కటే చాలునని కాదు. పావురాల పూర్వీకులు కొండచరియల్లో కాపురముండేవి. మన మేడల అంచులు వాటికి కొండచరియల్లాగే అమరాయి.

కాకి సంగతి నాకు సర్వీసులోనే అనుభవం. ఎండాకాలం వచ్చిందంటే కరెంటు స్తంభాల మీద కాకిగూళ్ళు తీయించడం మాకొక పని. పుల్లలతో పాటు మా లైన్‌మన్లు పని చేసి వదిలేసిన తీగముక్కలు కూడా ఆ గూళ్ళలో అల్లి ఉండేవి. ఆ తీగ రెండు లైన్లకు తగిలితే ఫ్యూజు పోయేది, ఊరంతా చీకటి. టోక్యోలో కాకులు బాల్కనీల నుంచి బట్టలు తగిలించే తీగ హ్యాంగర్లు ఎత్తుకుపోయి గూళ్ళు కడతాయట. అక్కడి విద్యుత్ సంస్థలకూ ఇదే తలనొప్పి. పుల్లలు తక్కువైన చోట తీగతో గూడు కట్టడం కాకికి ఎవరూ బడిలో నేర్పలేదు.

మళ్ళీ పాల సీసా దగ్గరికి వద్దాం. ఇంగ్లండులో ఇంటింటికీ ఫ్రిజ్‌లు వచ్చాయి. జనం పెద్ద దుకాణాల్లో ప్లాస్టిక్ డబ్బాల పాలు కొనడం మొదలుపెట్టారు. వెన్న తీసిన పాలు, మీగడ విడిపోకుండా కలిపేసిన పాలు వచ్చాయి. గుమ్మంలో సీసా అరుదైపోయింది, ఉన్నచోట పైన మీగడ లేదు. టిట్ పిట్టల ఆ విద్య కూడా దాదాపు మరుగున పడిపోయింది. కాని టిట్ పిట్టలు అంతరించలేదు. ఇంగ్లండు పెరళ్ళలో ఇప్పటికీ సమృద్ధిగా ఉన్నాయి. వాటిని నిలబెట్టింది మూత తీసే విద్య కాదు, ఉన్నదానితో కొత్తది నేర్చుకోగల స్వభావం. విద్య పోయినా స్వభావం మిగిలింది.

ఇంతవరకు వింటే, తెలివిగల పిట్టకు పట్టణంలో ఏ లోటూ లేదనిపిస్తుంది. అక్కడే మనం ఆగి ఆలోచించాలి. హామిల్టన్‌లో తలుపు తెరిపించుకున్న పిట్ట మన ఊరపిచ్చుకే, అదే జాతి. ఆ పిచ్చుక 1994, 2004 మధ్య లండన్‌లో సుమారు 60 శాతం తగ్గిపోయింది. మన దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగా ఉన్నా, మన హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో క్రమంగా తగ్గుతున్నదని 2020లో వెలువడిన భారతదేశ పక్షుల నివేదిక చెప్పింది. ఇంత తెలివైన పిట్టకు ఏమి వచ్చింది?

పెద్ద పిచ్చుక గింజలు తింటుంది, హోటల్లో మెతుకులు ఏరుకుంటుంది. కాని గూట్లోని పిల్లలకు మొదటి రోజుల్లో పురుగులే కావాలి. మెతుకులతో అవి పెరగవు. పురుగు ఉండాలంటే పచ్చిక, మొక్క, మట్టి నేల ఉండాలి. గూటికి సందు కావాలి. మన పెంకుటిళ్ళ చూరులో, వాసాల సందుల్లో, గోడకు తగిలించిన పటాల వెనుక పిచ్చుక కాపురం చేసింది. నున్నని సిమెంటు గోడకు, అద్దాల కిటికీకి సందెక్కడిది? మూత ఎంత గట్టిదైనా ఉన్నచోట తీయడం పిట్ట నేర్చుకుంటుంది. అసలు లేనిదానిని తెరవడం ఏ పిట్టా నేర్చుకోలేదు.

మన పెద్దలు పంట చేతికి వచ్చాక వరికంకులను కుచ్చులుగా అల్లి వసారాలో పిచ్చుకల కోసం వేలాడదీసేవారు. చాలా మంచి ఆచారం, ఇప్పటికీ చేస్తున్నవారు ఉన్నారు. అయితే ఆనాడు ఆ కంకులతో పాటు ఇంటి చుట్టూ పాదులు, పెరడు, చూరు ఉండేవి కనుక అది సరిపోయింది. ఈనాడు కంకుల కుచ్చు ఒక్కటే కడితే తల్లిపిట్ట కడుపు నిండుతుంది గాని పిల్ల బతకదు.

కనుక నా మనవి ఇది. ఇల్లు కట్టే పిల్లలకు, మనవలకు పెరట్లో జానెడు మట్టి నేలైనా సిమెంటు పోయకుండా వదలమని చెప్పండి. ఉన్న నాలుగు మొక్కల మీద పురుగుమందు చల్లవద్దు. వసారాలో ఎత్తున, పిల్లి అందుకోలేని చోట, పిచ్చుక దూరేంత కన్నం ఉన్న కొయ్యపెట్టె ఒకటి తగిలించండి. ఇందులో ఖర్చు ఏమంత ఉండదు, పెన్షనులో సర్దుకోవచ్చు. మిగిలిన తెలివి పిట్టకు ఉన్నది. మన పేటలో ఒక ఇంటివారు చేస్తే చాలు, పక్కింటివారు చూసి నేర్చుకుంటారు.