పాదాభరణమైన స్నేహం: గండపెండేరం చరిత్రలో కవి, మిత్రుడు, స్వర్ణకారుడు

వ్యాససంగ్రహం

సాహిత్యస్నేహానికి గుర్తుగా ఒక నగను రూపొందించి చేయించడం నేటి ఆభరణ రూపకల్పనలో కొత్త ధోరణిగా కనిపిస్తున్నది. తెలుగువారి సాహిత్యచరిత్రలో దీనికి చాలా పాత ఉదాహరణ ఉంది. అదే గండపెండేరం. కృష్ణదేవరాయలు - అల్లసాని పెద్దన, వేమన - అభిరాముడు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి - గుఱ్ఱం జాషువ అనే మూడు జంటల ఆధారంగా, ఒక నగ స్నేహచిహ్నంగా ఎలా మారుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నగ అర్థం లోహం విలువలో కాక, అది చేరే శరీరస్థానంలో, దానిని తొడిగే చేతిలో ఉందని ప్రతిపాదిస్తుంది. ఈ చరిత్రలో స్వర్ణకారుడి పేరు ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది అన్న ప్రశ్నను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: గండపెండేరం, కవిసత్కారం, చాటువు, స్వర్ణకారుడు, అభిరాముడు, జాషువ, జూబ్లీ హిల్స్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు జూబ్లీ హిల్స్‌లో నేడు రెండు రకాల నగలు పక్కపక్కనే కనిపిస్తాయి. ప్రధాన రహదారుల వెంట ఉన్న దుకాణాలలో అమ్మేవి అసలు బంగారు నగలు. కొద్ది దూరంలోని ఫిల్మ్‌నగర్‌లో చారిత్రక, పౌరాణిక చిత్రాల కోసం వాడేవి ఎక్కువగా గిల్టు నగలు. మొదటివాటికి ధర ఉంది, రెండోవాటికి కథ ఉంది. విలువకూ అర్థానికీ మధ్య ఉన్న ఈ దూరమే ఈ వ్యాసానికి ప్రేరణ. ఒక నగకు కథ ఎక్కడినుంచి వస్తుంది? ఇద్దరు సాహితీపరుల స్నేహాన్ని బంగారంలో చెప్పాలంటే అందులో ఏమి ఉండాలి? ఈ ప్రశ్నలకు సమాధానం కోసం సాహిత్యచరిత్రలోకి వెళ్లక తప్పదు.

2. వీరుడి కాలినుంచి కవి కాలికి

'గండ' అంటే శూరుడు. 'పెండేరము' కాలికి తొడిగే అందె. కన్నడంలో ఇదే 'గండపెండార'. విజయనగర ప్రభువుల 'మూరురాయరగండ' బిరుదులో ఉన్నది కూడా ఈ 'గండ' శబ్దమే. కనుక ఇది పుట్టుకతో యోధుడి ఆభరణం. పెద్దనకు ఆపాదించిన ప్రసిద్ధ స్మృతిపద్యంలో ఇది 'కవిగండపెండేరము'గా కనిపిస్తుంది. యుద్ధభూమికి చెందిన నగ ముందు 'కవి' అనే రెండక్షరాలు చేరడంతో దాని చరిత్ర మారిపోయింది. ఆకారం మారలేదు, అధికారి మారాడు.

రాయలు (పాలన 1509-1529) సభలో బంగారు పెండేరాన్ని పళ్లెంలో ఉంచి, సంస్కృతాంధ్రాలు రెండింటిలోను సమానంగా కవిత్వం చెప్పగలవారు దానికి అర్హులని ప్రకటించాడని, పెద్దన ఆశువుగా ఉత్పలమాలిక చెప్పి దానిని గెలుచుకున్నాడని చాటుసంప్రదాయం చెబుతుంది. ఇది చాటుకథ అన్న స్పృహతోనే దీనిని స్వీకరించాలి. అయితే వారి స్నేహానికి ఆధారం చాటువు ఒక్కటే కాదు. మనుచరిత్ర అవతారికలో, కావ్యరచనకు కోరుతూ రాయలు పెద్దనను 'హితుడు'గా సంబోధిస్తాడు. అంకితం ఇచ్చే కవికీ అందుకునే రాజుకూ మధ్య మామూలుగా ఉండే ఆశ్రయ సంబంధాన్ని ఈ ఒక్క మాట దాటుతున్నది.

రాయల మరణానంతరం పెద్దన చెప్పినట్లు ప్రచారంలో ఉన్న స్మృతిపద్యం నాలుగు ఉపకారాలను తలచుకుంటుంది. దారిలో ఎదురైతే రాజు తన ఏనుగును ఆపి, చేయూతనిచ్చి కవిని ఎక్కించుకున్నాడు. మనుచరిత్రను అందుకునే నాడు పల్లకిని తన చేతితో ఎత్తి పట్టాడు. కోకట మొదలైన అగ్రహారాలు ఇచ్చాడు. పెండేరాన్ని తానే కవి పాదానికి తొడిగాడు. ఈ నాలుగింటిలో మూడు రాజు చేతికి సంబంధించినవి. చేయి కవిని పైకి లేపింది, పల్లకిని మోసింది, చివరకు పాదాన్ని తాకింది. అగ్రహారం ఒక్కటే చేతి స్పర్శ అవసరం లేని దానం. కడప ప్రాంతంలోని కోకటంలో పెద్దన పేరుతో శాసనం దొరికింది కనుక, ఆ ఊరితో ఆయనకు గల సంబంధానికి రాతి సాక్ష్యం ఉంది. పెండేరానికి అలాంటి సాక్ష్యం లేదు. అయినా జనం మనసులో నిలిచింది రాతిమీది దానం కాదు, పద్యంలోని స్పర్శ.

ఆ స్పర్శ పాదానికే ఎందుకు? బంగారాన్ని లక్ష్మిగా భావించే మన ఆచారంలో సామాన్యులు నడుము కిందికి బంగారం ధరించరు. కాళ్లకు వెండి మాత్రమే పెడతారు. ఆ నియమాన్ని కవి కోసం సడలించడం ఒక గౌరవం. దానిని తొడగడానికి రాజు వంగవలసిరావడం అంతకంటె పెద్ద గౌరవం. కిరీటమో హారమో అయితే ఇచ్చేవాడు నిలబడి ఉంటాడు, పుచ్చుకునేవాడు తల వంచుతాడు. పెండేరం ఈ క్రమాన్ని తిరగేస్తుంది. నిర్మాణరీత్యా కూడా ఇది గమనించదగినది. మూసిన గట్టి వలయం మడమ దాటి ఎక్కదు. దానికి కీలు, శీల అవసరం. ధరించినవాడు తానే వంగి బిగించుకోవచ్చు. కానీ మరొకరు బిగించినప్పుడే అది సత్కారమవుతుంది. స్నేహం ఈ నగలో అలంకారంగా చెక్కినది కాదు, దానిని ధరింపజేసే విధానంలోనే ఉన్నది.

3. స్వర్ణకారుడే మిత్రుడైతే

పెద్దన పెండేరాన్ని మలచిన కంసాలి పేరు చాటుకథలో లేదు. ఆ కాలంలో లోహకారుల పేర్లు అసలే నిలవలేదని దీనినిబట్టి అనుకోకూడదు. రాయల తామ్రశాసనాలలో శ్లోకాలు రచించిన సభాపతి పేరుతోపాటు, వాటిని చెక్కిన మల్లణ కుమారుడు వీరణాచార్యుని పేరు కూడా కనిపిస్తుంది. అక్షరాన్ని చెక్కిన చేతికి అక్షరంలో చోటు దొరికింది. తిరుమలకు 1513లో రాయలు సమర్పించిన నగలను నమోదు చేసిన శాసనాల దృష్టి మాత్రం దాతమీద, దైవంమీద, తూకంమీద ఉన్నది. కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతో నిప్పు రాజేసి, మూసలో బంగారం కరిగించి, దాగలిమీద సుత్తితో మలచిన మనిషి ఈ వివరాల వెనుక ఉండిపోయాడు.

ఈ లోటుకు ఎదురుగా నిలిచే కథ వేమనది. జనశ్రుతి ప్రకారం అభిరాముడు వేమన మిత్రుడు, వృత్తిరీత్యా స్వర్ణకారుడు. అతడు లంబికాశివయోగిని భక్తితో సేవించి, ఉపదేశం పొందవలసిన రోజు వచ్చినప్పుడు, వేమన ఉపాయంతో అతన్ని ఆపి తాను వెళ్లి ఆ ఉపదేశం పొందాడు. తరువాత పశ్చాత్తాపపడి, మిత్రుడి పేరును తన పద్యాల మకుటంలో శాశ్వతం చేశాడు.

మకుటంలోని 'విశ్వద', 'అభిరామ' పదాలను వ్యక్తుల పేర్లుగా కాక పరమాత్మపరంగా అన్వయించేవారూ ఉన్నారు. ఆ వ్యాఖ్యకు భాషాపరమైన బలం ఉంది. కనుక అభిరాముణ్ణి చారిత్రకవ్యక్తిగా నిర్ధారించడం ఈ వ్యాస లక్ష్యం కాదు. జనం ఈ కథను ఎందుకు కల్పించుకున్నారు, ఎందుకు నిలుపుకున్నారు అన్నదే ఇక్కడ ముఖ్యం. స్నేహితుడికి చెందవలసినదాన్ని తీసుకున్నవాడు దానిని ఎలా తిరిగి ఇవ్వగలడు? ఉపదేశం తిరిగి ఇవ్వడానికి వీలుకానిది. పేరు మాత్రం ఇవ్వవచ్చు. పెండేరం కథలో కవిత్వం నగగా మారితే, ఇక్కడ నగలు చేసేవాడే కవిత్వానికి నగ అయ్యాడు. 'మకుటం' అనే మాటకు కిరీటమని అర్థం ఉండనే ఉంది. పాదానికి కట్టిన స్నేహం ఒకటి, తలకెత్తుకున్న స్నేహం మరొకటి. మొదటిది కృతజ్ఞత, రెండోది ఋణం.

సి.పి.బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించినప్పుడు, పద్యాలతోపాటు ఈ మకుటమూ తెలుగునేల దాటింది. అలా ఒక స్వర్ణకారుడి పేరుగా జనం నమ్మిన మాట, అతడు చేసిన ఏ నగా వెళ్లలేనంత దూరం ప్రయాణించింది.

4. చెళ్లపిళ్ల చేయి, జాషువ పాదం

ఇరవయ్యో శతాబ్దంలో గండపెండేరం కవిసత్కారంగా తిరిగి వెలుగులోకి వచ్చింది. ఆ ఘట్టాలలో అత్యంత అర్థవంతమైనది గుఱ్ఱం జాషువకు (1895-1971) జరిగినది. తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) జాషువ కాలికి స్వయంగా పెండేరం తొడిగి, ఆ పాదాన్ని తాకడం తన జన్మకు ధన్యత అన్న భావాన్ని ప్రకటించినట్లు సాహిత్యలోకంలో ప్రసిద్ధి.

రాయలు పెద్దన పాదాన్ని తాకినప్పుడు దాటినది రాజుకూ కవికీ మధ్య ఉన్న హద్దు. చెళ్లపిళ్ల జాషువ పాదాన్ని తాకినప్పుడు దాటినది దానికంటె పాతదీ క్రూరమైనదీ అయిన హద్దు. అంటరానితనం కారణంగా సభలలో అవమానాలు అనుభవించి, 'గబ్బిలం' వంటి కావ్యంలో ఆ వేదనకు రూపమిచ్చిన కవి ఆయన. ఆయనకు శాలువా కప్పి ఉంటే, హారం వేసి ఉంటే, సన్మానం జరిగేది గానీ ఈ అర్థం పుట్టేది కాదు. నగ పాదాభరణం కావడంవల్లనే, వృద్ధుడైన పండితుడి చేయి ఆ పాదాన్ని చేరవలసి వచ్చింది. ఐదు శతాబ్దాల కిందటి ఆభరణంలో ఉన్న నిర్మాణనియమం ఇక్కడ సామాజికమైన అర్థాన్ని సంతరించుకున్నది. అయితే ఒక సత్కారంతో కులవివక్ష తొలగిపోలేదు. ఆ స్పర్శ విశేషవార్తగా నేటికీ గుర్తుండటమే అందుకు నిదర్శనం.

5. వెండితెర, జూబ్లీ హిల్స్

ఈ స్నేహాలను ఆధునిక జనస్మృతిలోకి చేర్చడంలో సినిమా పాత్ర తక్కువది కాదు. 1947లో వచ్చిన వాహినీ వారి 'యోగి వేమన' చిత్రంలో, కె.వి.రెడ్డి దర్శకత్వంలో, చిత్తూరు నాగయ్య వేమనగా, ముదిగొండ లింగమూర్తి అభిరాముడిగా నటించారు. 1956 నాటి 'తెనాలి రామకృష్ణ'లో నందమూరి తారక రామారావు రాయలుగా కనిపించారు. అవి మద్రాసు కేంద్రంగా తెలుగు చిత్రాలు తయారైన రోజులు. తరువాత పరిశ్రమ హైదరాబాదుకు తరలి, జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్ దానికి నెలవులయ్యాయి.

తెరమీద రాజు ధరించే నగ గిల్టుదైనా ప్రేక్షకుడికి అర్థం తగ్గదు. ప్రతీక లోహంలో లేదనడానికి ఇంతకంటె సులభమైన నిరూపణ అక్కర్లేదు. మరోవైపు, దుకాణంలోని అసలు బంగారు నగమీద నేడు స్వచ్ఛతాముద్రతోపాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల ప్రత్యేక గుర్తింపుసంఖ్య తప్పనిసరి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సంఖ్య లేని హాల్‌మార్క్ నగల అమ్మకం నిషిద్ధం. కొనుగోలుదారుకు ఇది మేలు చేసే నియమమే. అయితే ఆ సంఖ్య స్వచ్ఛతను, దానికి బాధ్యులను సూచిస్తుందే తప్ప, చేసిన మనిషి పేరును చెప్పదు. తిరుమల శాసనాలలోని తూకం నేడు సంఖ్యగా మారింది. పనివాడు మాత్రం ఉన్నచోటనే ఉన్నాడు.

6. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

• గండపెండేరం యోధుడి ఆభరణంగా మొదలై, కవిసత్కార సంప్రదాయంలో స్నేహానికీ గౌరవానికీ ప్రతీకగా మారింది. ఈ మార్పు ఆకారంలో కాక, ధరించే వ్యక్తిలో, తొడిగే చేతిలో జరిగింది.

• సాహిత్యస్నేహాన్ని నగగా రూపొందించదలచినవారు పుస్తకం, కలం, హంస వంటి బొమ్మలను అతికించడంతో సరిపెట్టుకోనక్కరలేదు. ఒకరి సాయంతో మరొకరు ధరించవలసిన కీలు, ఒకరి ముందు మరొకరు వంగవలసిన స్థానం - ఇవే బలమైన ప్రతీకలని పెండేరం చరిత్ర చెబుతున్నది.

• వేమన - అభిరాముల కథ కృతజ్ఞతతోపాటు ఋణాన్ని కూడా స్నేహంలో భాగంగా గుర్తిస్తుంది. అది చారిత్రకసత్యమైనా కాకపోయినా, స్వర్ణకారుడి పేరు నిలవాలన్న జనాకాంక్షకు సాక్ష్యం.

• జాషువ సత్కారం ఒక పాత ప్రతీక కొత్త కాలంలో మరింత లోతైన అర్థం పొందగలదని చూపుతుంది.

ఇకముందు ఇద్దరు సాహితీమిత్రుల గుర్తుగా ఎవరైనా ఒక నగ చేయిస్తే, లోపలి అంచున వారి పేర్లతోపాటు దానిని చేసిన కంసాలి పేరును కూడా చెక్కించడం ఉచితం. తన శాసనం చెక్కిన వీరణాచార్యుడికి రాయల కాలం ఆ చోటు ఇచ్చింది. అభిరాముడికి జనం తమ కథలో ఇచ్చారు. పెద్దన పెండేరాన్ని మలచిన అనామకుడికి మనం ఇవ్వలేకపోయినా, ఇవాళ కుంపటి ముందు కూర్చున్నవాడికి ఇవ్వవచ్చు.