గ్రామఫోను పెట్టె నుంచి కంప్యూటరు దాకా మా పాటలు

ప్రత్యేక సంచికకు మన కాలపు చరిత్ర ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. పెద్ద చరిత్రలు రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ఆత్రేయపురంలో మా ఇంటి పాటలు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారిన వైనం నేను రాస్తున్నాను.

కలకత్తాలో గౌహర్ జాన్ పాడగా రికార్డు చేసింది 1902లో. ఆనాటి లక్క రికార్డు ఒక్కోవైపు మూడు, మూడున్నర నిమిషాలే మోగేది. పైగా మా ఊరి పూతరేకంత పెళుసు! వన్స్‌మోర్లతో ఒక్క పద్యాన్ని పావుగంట సాగదీసే మన రంగస్థల నటులు ఆ మూడు నిమిషాల్లో ఒదగవలసి వచ్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర పద్యాలు అలాగే పల్లెలకు చేరాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం వచ్చాక వినడం సులువయింది గాని, దాచుకునే వీలు లేదు.

ఆ వీలు కేసెట్టుతో వచ్చింది. ఫిలిప్స్ వారు దాన్ని 1963లో తెచ్చినా, మా ఇళ్లకు చేరేసరికి 1980లు. మా నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని పాడిన పద్యాన్ని నేనే రికార్డు చేశాను. 1986 ఆగస్టు వరదల్లో బియ్యం బస్తాలకంటే ముందు ఆ కేసెట్ల పెట్టెనే అటక ఎక్కించాను. ఇంట్లో దీనిమీద ఇప్పటికీ మాట పడుతుంటాను. వరద పోయినా, మన డెల్టా చెమ్మకు టేపులకు బూజు పట్టడం మాత్రం ఆగలేదు.

అందుకే అన్నీ కంప్యూటరుకు ఎక్కించాం. గంట కేసెట్టుకు గంట కూర్చోవలసిందే, దగ్గరి దారి లేదు. సి.డి.లో నలభై మెగాబైట్లు పట్టే నాలుగు నిమిషాల పాట, ఎం.పి.3 పద్ధతిలో నాలుగింటికి కుదించుకుంటుంది. ఎం.పి.3 అన్న పేరు పెట్టింది 1995లో.

2009లో కొత్త కంప్యూటరు కొని పాటలన్నీ అందులోకి మార్చాం. పాతది అమ్మేశాం. తెరచి చూస్తే జాబితాలో ప్రతి పాట పక్కనా ఆశ్చర్యార్థకం! పాటలు చెడిపోయాయనుకుని తొందరపడి ఒక సంచయం చెరిపేశాను. మా మనవడు వచ్చి తల పట్టుకున్నాడు. జాబితాలో ఉండేది పాట కాదట, పాట ఉన్న చోటు చిరునామా మాత్రమేనట. పాత యంత్రంలో 'డి' అక్షరం కింద ఉన్నవి కొత్తదాంట్లో 'ఇ' కిందికి వచ్చాయి. మన పెన్షను కాగితాలు ఒక ట్రెజరీలో ఉండగా మనం ఇంకో ట్రెజరీలో విచారించినట్లు! అక్షరం మార్చగానే జాబితా లేచి కూర్చుంది.

నేను చెరిపినవి మిగిలాయి. చెరిపినా ఫైలు వెంటనే పోదు. ఆ చోటు ఖాళీ అని యంత్రం గుర్తు పెట్టుకుంటుంది, అంతే. దానిమీద ఇంకొకటి రాయకుండా ఉంటే తిరిగి తీయవచ్చు. మనవడు ఆ కంప్యూటరును ఇక ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. రెండు రోజులకు పాటలు వచ్చాయిగాని పేర్లు పోయి అన్నిటికీ అంకెలే మిగిలాయి.

అప్పుడు నా నోటుపుస్తకం తీశాను. ఆఫీసు స్టాకు రిజిస్టరు అలవాటుకొద్దీ కేసెట్టు నంబరు, వైపు, పాడినవారు, నిమిషాలు, విశేషాలు గీతలు కొట్టి రాసుకున్నది. నిమిషాలు చూసి ఒక్కొక్కటే జత చేశాం. పదకొండో కేసెట్టు, రెండోవైపు: "నాన్నగారు, 4 ని. 10 సె., చివర కుక్క అరుపు." ఆ నిడివిగల ఫైళ్లు మూడు తేలాయి. రెండు సినిమా పాటలు. మూడోదాంట్లో పద్యం అయ్యాక కుక్క అరిచింది.