పసుపు - మతిమరుపు

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలం గోదావరి దక్షిణపు ఒడ్డున ఉంది. మెట్‌పల్లి, కోరుట్ల, పక్కనే నిజామాబాద్ జిల్లా ఆర్మూరు, కమ్మర్‌పల్లి ప్రాంతాలతో కలిపి చూస్తే తెలంగాణ పసుపు పంటకు ఇదే నడిబొడ్డు. ఈ పసుపులోని కర్క్యుమిన్ మతిమరుపును ఆపుతుందన్న మాట పాతికేళ్లుగా వినిపిస్తోంది. ఆ మాటకు రుజువు మాత్రం ఇంకా సగం దారిలోనే ఉంది.

ఇక్కడ తొలకరికి విత్తనపు కొమ్ము పెడతారు, నడుమ మొక్కజొన్న వేస్తారు. జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం. తవ్విన దుంపను ఉడకబెడతారు. పుల్ల గుచ్చినప్పుడు మెత్తగా దిగితే ఉడికినట్టు. పది పదిహేను రోజులు ఎండాక, విరిస్తే టక్కున విరగాలి. డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టాక మార్కెట్‌లో కాడి (పొడవాటి కొమ్ము), గోళ (గుండ్రటి దుంప) వేరువేరు ధరలకు పోతాయి. గిట్టుబాటు కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీ కట్టే రైతులున్నారు. పసుపు బోర్డు కావాలంటూ 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి రైతులు గుంపుగా నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. కోరుట్ల, జగిత్యాల ఆ నియోజకవర్గంలోవే. జాతీయ పసుపు బోర్డును కేంద్రం 2023 అక్టోబరులో ప్రకటించగా, 2025 జనవరిలో అది మొదలైంది.

ఇక ఈ పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్‌ను 1815లో వోగెల్, పెల్లెటియర్ వేరుచేశారు. దాని నిర్మాణం 1910లో తేలింది. అది ఆక్సీకరణాన్ని అడ్డుకుంటుందని 1970లలో భారతీయ పరిశోధకులు చూపారు. మన శరీరంలో మెదడు బరువు రెండు శాతమే అయినా ఐదో వంతు ఆక్సిజన్‌ను అదే వాడుకుంటుంది. పైగా అందులో కొవ్వు ఎక్కువ కనుక ఫ్రీ రాడికల్స్ దెబ్బ త్వరగా తగులుతుంది. ఆక్సీకరణాన్ని అడ్డుకునే యాంటీ ఆక్సిడెంట్లపై ఆశ ఇక్కడ పుట్టింది.

మతిమరుపు సంగతి 2001లో ముందుకొచ్చింది. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్ పరిశోధకులు మతిమరుపు జబ్బు అయిన అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకలకు కర్క్యుమిన్ పెట్టగా, మెదడులో ఆక్సీకరణ నష్టం, అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం తగ్గాయి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో అల్జీమర్స్ చాలా తక్కువని తేల్చిన అధ్యయనమూ అదే ఏడాది వచ్చింది. చాలామంది ఆ ఘనతను పసుపుకు కట్టబెట్టారు. కానీ పరిశీలించిన కాలం తక్కువ కనుక ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చూడాలని ఆ పరిశోధకులే అన్నారు. 2006లో సింగపూర్‌లో, పసుపు వేసిన కూరలు తరచూ తినే వృద్ధులు మానసిక సామర్థ్య పరీక్షలో కొంత మెరుగ్గా కనిపించారు. అయితే తిండి ఒక్కటే కారణమని అలాంటి లెక్క చెప్పలేదు.

రోగులపై పరీక్షలు నిరాశపరిచాయి. 2008లో హాంకాంగ్‌లో 34 మందిపై, 2012లో అమెరికాలో 36 మందిపై జరిగిన ప్రయోగాల్లో ఫలితం కనబడలేదు. 2018లో మాత్రం, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) లేని 40 మందిపై 18 నెలలు జరిపిన ప్రయోగంలో, ఒంటికి బాగా పట్టేలా చేసిన కర్క్యుమిన్ తీసుకున్నవారి జ్ఞాపకశక్తి మెరుగుపడిందని లాస్ ఏంజెలెస్ బృందం చెప్పింది. నలభై మందితో నిర్ధారణకు రావడం తొందరపాటే.

అసలు చిక్కు ఒంటికి పట్టకపోవడం. ఎండు పసుపులో కర్క్యుమిన్ రెండు నుంచి ఐదు శాతమే. తిన్నదాన్ని పేగు, కాలేయం వెంటనే మార్చేస్తాయి, రక్తంలోకి చేరేది అతి స్వల్పం. మిరియాల్లోని పైపరిన్ తోడైతే రక్తంలో అది ఇరవై రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. వంటలో మరిగించినా కర్క్యుమిన్ కొంత పోతుంది. నష్టం 27 నుంచి 53 శాతం దాకా ఉంటుందని మైసూరు ఆహార పరిశోధన సంస్థ లెక్కగట్టింది.

ఇక జాగ్రత్తల సంగతి. రంగు కోసం పసుపులో సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపే కల్తీని 2019లో బంగ్లాదేశ్‌లో పట్టుకున్నారు. సీసం మెదడుకే విషం. మోతాదు ఎక్కువున్న కర్క్యుమిన్ మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీ, అమెరికాల్లో నమోదయ్యాయి. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఈ మాత్రల జోలికి పోరాదు. అల్జీమర్స్‌కు మందుగా కర్క్యుమిన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించలేదు.